తొడిమ పక్కన కత్తి

కర్నూలు
జనవరి 18

ప్రియమైన అత్తమ్మకు,

మీ కోడలు శ్రీవాసవి నమస్కారం. జాబు చూసి ఆశ్చర్యపోకండి. నాతో మాట్లాడనని రెండేళ్ళ కిందట మీరు అమ్మవారి పటం ముందు ఒట్టు పెట్టుకున్నారు. ఫోన్ చేస్తే నా గొంతు విని మీ అబ్బాయి చేతికిచ్చేస్తున్నారు. చదవనని మాత్రం ఒట్టు పెట్టుకోలేదు కదా, అందుకే రాస్తున్నాను.

ఈ సంచిలో ఒక స్టీలు డబ్బా ఉంది. అందులో వేయించిన గుమ్మడి గింజలు. వారం వారం ఇక్కడికి వచ్చిపోయే మీ అబ్బాయి శనివారం మన వేంపల్లె అంగడి నుంచి తెచ్చిన కాయవే. "పెద్దనాయనతో కొట్టించుకొని రావల్లనుకుంటి, మర్సిపోయినా. ఉండు, నేను కొడతా" అని కత్తి పట్టుకున్నాడు. ఇవ్వమని అడిగి తీసుకున్నాను. నేనే కొట్టాను. కింది వాటాలో ఉండే ఇంటాయన బసవరాజు గారు కూడా సాయానికి మెట్లెక్కి వచ్చారు. కాఫీ ఇచ్చి పంపించాను.

గింజలు పారెయ్యబుద్ధి కాలేదు. పీచంతా తీసి కడిగి, ఉప్పునీళ్ళలో కాసేపు నానబెట్టి, మిద్దె మీద ఆరబోశాను. కర్నూలు ఎండకు సాయంత్రానికే గలగలమన్నాయి. ఇనుప పెనం మీద సన్నసెగన వేయించాను. టపటపమని పేలి పొట్టలు ఉబ్బుతుంటే అర చెంచా నెయ్యి, కారం, దంచిన తెల్లగడ్డ వేశాను. బళ్ళో నాతో పనిచేసే రెజీనా టీచరు ఒక గుప్పెడు తిని, ఇంకో గుప్పెడు కాగితంలో చుట్టుకుపోయింది. ఆడవాళ్ళు గుమ్మడికాయ కొట్టకూడదంటారని చెబితే, "మా ఇంట్లో ఎప్పుడూ మా అమ్మే కొడతాది. ఆరుమందిమి పుట్టినాం" అంది.

ఇక అసలు సంగతి. నాకు మూడో నెల.

రెండేళ్ళ కిందట ఇలాగే మూడో నెలలో నాకు కడుపు పోయింది. ఆస్పత్రి నుంచి వచ్చిన నాలుగో రోజున, మన నడవలో, బంధువులందరి ముందు వీరభద్రయ్య పెద్దమామ అన్న మాట మీరు మరిచిపోయి ఉండరు. "ఆడమనిషి గుమ్మడికాయ కొట్టగూడదని తెల్దా? నీ చేతులారా బిడ్డను పోగొట్టుకుంటివి కదమ్మా" అన్నారు. అంతకుముందు వారం పులుసులోకని నేను కాయ కొట్టిన మాట నిజమే. మీరు కాఫీ పళ్ళెం పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నారు. నేను ఆయనకు ఎదురు చెప్పాను. మీరు నన్నే క్షమాపణ అడగమన్నారు, అడగలేదు. దాంతో మీకు ఒట్టు మిగిలింది, నాకు ఈ కర్నూలు బడి మిగిలింది.

బిడ్డను పొట్టన పెట్టుకున్నదన్న పేరు మోస్తూ నేను ఆ గడప తొక్కను. ఏ నడవలో ఆ మాట అన్నారో ఆ నడవలోనే, అంతమంది ముందే, అది తప్పని చెప్పాలి. అంతవరకు నాకు శ్రీమంతం వద్దు, ఈ బిడ్డకు వేంపల్లె ఇల్లూ వద్దు.

గింజలు తినండి. నేను కొట్టిన కాయవి.

తల వంచని మీ కోడలు
శ్రీవాసవి


వేంపల్లె
జనవరి 26

చిరంజీవి శ్రీవాసవికి,

అత్త నాగేంద్రమ్మ ఆశీస్సులు. రాయనని నేనూ ఒట్టు పెట్టుకోలేదు. ఐదో తరగతితో ఆగిపోయిన చెయ్యి ఇది. నీ బడిపిల్లల నోటుబుక్కులు దిద్దినట్టు ఈ జాబును దిద్దుతూ కూర్చోకు.

కడుపుతో ఉన్నావని చదివి దేవుడి దగ్గర దీపం పెట్టాను. పెట్టి వచ్చి మిగతాది చదివితే ఒళ్ళు మండిపోయింది. మూడో నెల పెట్టుకుని గుమ్మడికాయ కొడతావా? వాడి చేతికి కత్తి ఇస్తే నీ సొమ్మేం పోయేది? ఇంత మొండితనం మీ పుట్టింట్లో ఎవరికీ లేదే, నీకెక్కడి నుంచి వచ్చింది?

మీ పెద్దమామకు డెబ్బై దాటాయి. మీ మామ పోయిన తర్వాత మంచికీ చెడ్డకూ ముందు నిలబడింది ఆయనే. ఆ మనిషి చేత నలుగురిలో తప్పు ఒప్పించడం నా వల్ల కాదు. నువ్వే వచ్చి ఒక నమస్కారం పెట్టు. నా ఒట్టు తీరిపోతుంది, నీ పురుడు ఇక్కడ జరుగుతుంది.

డబ్బా తిప్పి పంపుతున్నాను. ఆ గింజలు ఈ ఇంట్లో ఎవరూ ముట్టరు. అయినా అంత ఉప్పేమిటి? తెల్లగడ్డ ముందే వేశావు, మాడి చేదెక్కింది. పెనం దించాక వేయాలి. సగం గింజలు తెగిపోయి ఉన్నాయి. కాయను నడుమ కొడితే అంతే అవుతుంది. తొడిమ పక్కన కత్తిమొన దించి, కాయను కొంచెం కొంచెం తిప్పుకుంటూ పోతే దానంతట అదే విడుతుంది.

సంచిలో సగం కాయ పెట్టాను. మీ పెద్దమామ కొట్టినదే, పసుపు కూడా రాశాను. అది వండుకో. నీళ్ళ బిందెలు ఎత్తకు.

నీ మేలు కోరే
అత్త నాగేంద్రమ్మ


కర్నూలు
మార్చి 15

ప్రియమైన అత్తమ్మకు,

ఎవరూ ముట్టని డబ్బా సగం ఖాళీగా వచ్చింది. దారిలో తిన్నావా అని మీ అబ్బాయిని నిలదీశాను. పాపం, మూత కూడా తీయలేదన్నాడు. ఉప్పు ఎక్కువైందని, తెల్లగడ్డ మాడిందని వాసన చూసి కనిపెట్టారేమో మీరు.

పసుపు రాసిన సగం కాయ రెజీనాకిచ్చేశాను. మొన్న ఆదివారం ఇంకో కాయ కొన్నాను. మీరు రాసినట్టే తొడిమ పక్కన కత్తి దించి, తిప్పుతూ పోయాను. ఒక్క గింజ తెగలేదు. పెద్దమామ కొట్టడం నేను చూశాను అత్తమ్మా. కొడవలి పైకెత్తి నడుమ ఒక్క దెబ్బ వేస్తారు, గింజలు గోడదాకా ఎగురుతాయి. ఈ కిటుకు ఆయనకు తెలియదు. కాయ కొట్టని చేతికి ఎప్పటికీ తెలియదు. మరి మీకెవరు నేర్పారు? దీనికి జవాబు రాయండి చాలు.

ఇప్పుడు ఐదో నెల. బిడ్డ కదులుతోంది. అంతా బాగుందని డాక్టరమ్మ చెప్పింది. గుమ్మడికాయ సంగతి అడిగితే నవ్వి, గింజలు తినమంది, ఉప్పు తగ్గించమంది. ఉప్పు దగ్గర మీరూ ఆవిడా ఒకటే.

శ్రీమంతానికి రోజు చూడటానికి వచ్చే నెల మీ నడవలో అందరూ కూర్చుంటారట. నేను రాను. ఈ రెండు గదుల ఇంట్లోనే రెజీనా నాకు గాజులు తొడుగుతుంది. నేను భయపడలేదని అబద్ధం రాయను. మూడో నెల దాటేదాకా రోజూ భయపడ్డాను. బాత్రూముకు వెళ్ళిన ప్రతిసారీ ఆ మాటే చెవిలో మోగేది. నేనే చంపుకున్నానేమో అని నాకే అనిపించేది. మనిషిని అంత పాడు చేసే మాట అది. అందుకే వదిలిపెట్టను.

జవాబు కోసం చూసే
శ్రీవాసవి


వేంపల్లె
ఏప్రిల్ 29

ప్రియమైన నా తల్లి శ్రీవాసవికి,

నీ ప్రశ్నకు జవాబు రాయడానికి నాకు నెలన్నర పట్టింది. నాకు ఎవరూ నేర్పలేదు. చేయగా చేయగా వచ్చింది.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో కాయ కొట్టించాలని మీ మామను పిలవడానికి అంగడికి పోయాను. బేరాల మీద ఉన్నాడు. "ఈపాటి దానికి అంగడి ఇడ్సిపెట్టి రావల్లనా? నువ్వే కొట్టుకో. ఎవరన్నా అడిగితే నేను కొట్టినానని చెప్పు" అన్నాడు. అప్పటినుంచి ఆయన పోయేదాకా, ముప్పై ఏళ్ళు, వంటింటి తలుపేసుకుని ఈ ఇంట్లో ప్రతి గుమ్మడికాయా నేనే కొట్టాను. నీ మొగుడు జ్ఞానేశ్వర్ ఏడో నెల కడుపులో ఉన్నప్పుడూ కొట్టాను. వాడు మూడున్నర కిలోల బరువుతో పుట్టాడు.

ఇంత తెలిసి, ఆ రోజు కాఫీ పళ్ళెం పట్టుకుని మూగదానిలా నిలబడ్డాను. నోరు తెరిస్తే పోయిన మనిషి పరువు పోతుందనుకున్నాను. అదీ అబద్ధమే. నా పరువు పోతుందని భయపడ్డాను. నీ ఒంట్లో రక్తం ఇంకా ఆగనే లేదు, నిన్నే క్షమాపణ అడగమన్నాను. పాడు నోరు ఇది.

నిన్న నడవలో బంధువులందరూ కూర్చున్నారు. నువ్వు వచ్చి కాళ్ళకు మొక్కితేనే శ్రీమంతం మాట ఎత్తుతానని మీ పెద్దమామ అన్నాడు. నేను వంటింట్లోకి పోయి పులుసుకని పెట్టిన కాయ, కత్తి తెచ్చాను. తనకివ్వడానికే తెచ్చాననుకుని ఆయన చెయ్యి చాపాడు. ఇవ్వలేదు. అందరి నడుమ నేల మీద చతికిలబడి, తొడిమ పక్కన కత్తి దించాను. కొంచెం కొంచెం తిప్పుకుంటూ పోతే కాయ రెండుగా విడిపోయింది.

అప్పుడు చెప్పాను. "బావా, ముప్పై ఏండ్లు ఈ ఇంట్లో కాయ కొట్టింది నేనే. మీ తమ్ముడు కాదు. వీడు కడుపులో ఉండంగా కొట్టినా. ఈడనే నిలబడి ఉండాడు, చూడండి. నా కోడలు బిడ్డను పోగొట్టుకోలేదు, బిడ్డ పోయింది. మీరన్న మాట ఈడనే వెనక్కి తీసుకోండి."

ఆయన లేచి చెప్పులేసుకున్నాడు. పెద్దింటి పరువు తీశావని అంటూ గడప దాకా పోయాడు. అప్పుడు మా తోడికోడలు, ఆయన భార్యే, కూర్చున్న చోటినుంచి కదలకుండా నెమ్మదిగా అంది: "నేనూ కొడతాండా. మీరు మహానందికి పోయినప్పుడల్లా."

మా వెనక ఆడవాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు. తిరిగి చూస్తే ఇంకో ఇద్దరు తలలు దించుకుని ఉన్నారు. ఆయన గడప మీదే ఆగాడు. మా వైపు తిరగకుండానే, "అనింది తప్పే. రమ్మని రాయండి" అన్నాడు. నడవలో అందరూ విన్నారు. నేను మళ్ళీ ఒకసారి గట్టిగా చెప్పించుకున్నాను.

గింజలు ఈ పొద్దు ఎండబెట్టి, పొయ్యి నడవలోకే తెచ్చి, వీధి తలుపు తీసిపెట్టి వేయించాను. వాసన పెద్దమామ ఇంటిదాకా పోయి ఉంటుంది. ఆయనకూ ఒక గిన్నె పంపాను. ఉప్పు తక్కువైందని కబురు పెట్టాడు. నీ డాక్టరమ్మ మాట మీదే తగ్గించానని తిరుగు కబురు పంపాను.

ఇదంతా చేశాను కాబట్టి నువ్వు నన్ను క్షమించాలని అడగడం లేదు. రెండేళ్ళు ఆలస్యమైంది, నాకు తెలుసు. అమ్మవారి పటం ముందు పెట్టుకున్న ఒట్టు అక్కడే తీసేశాను. ఆదివారం పొద్దుటి బస్సుకు వస్తున్నాను. వేంపల్లెకు రావాలా వద్దా అన్నది నీ ఇష్టం. నువ్వు మాట్లాడకపోయినా నేను మాట్లాడుతూనే ఉంటాను, రెండేళ్ళ మాటలు కడుపులో ఉన్నాయి.

కొట్టని కాయ ఒకటి తెస్తున్నాను. నేను పట్టుకుంటాను, నువ్వు కొట్టు. కత్తి నూరి పెట్టు. వంటింటి తలుపు మాత్రం వేయకు.

నీ అత్త
నాగేంద్రమ్మ