ఇంతకు ముందు ఇంటి ఓనరమ్మ

చింతామణి,
అక్టోబరు 4

చిరంజీవి నేత్రకు పెద్దమ్మ సుజాతమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం బాగున్నాం. నువ్వు బాగున్నావా అని అడగను. ఫోనులో అడిగితే "అంతా బాగుండాది పెద్దమ్మా" అని డ్యూటీకి పరుగెత్తుతావు. కాగితం మీద అబద్ధం రాయడం కొంచెం కష్టం. అందుకే ఈ పద్ధతి పెట్టాను. నేను రాస్తాను, మీ పెదనాన్న ఫోటో తీసి వాట్సాపులో పంపుతారు. నువ్వూ అట్లే పంపు.

నీకింకా ఇల్లు దొరకలేదని బాగేపల్లి నుంచి మీ అమ్మ ఫోన్ చేసింది. డబ్లిన్‌లో మీ ఆసుపత్రి హాస్టలు ఈ నెలాఖరు వరకేనట కదా. ఇల్లు వెతకడం నాకు కొత్త కాదు. ఈ సొంత ఇల్లు కట్టుకొనేలోపల చింతామణిలోనే ఐదు ఇళ్ళు మారాను. కాబట్టి విను. టు-లెట్ బోర్డు ఉన్న ఇంటికి పోవద్దు. మంచి ఇంటికి బోర్డు పెట్టే అవసరం రాదు. పాలు పోసేవాణ్ణి అడుగు. ఏ ఇంట్లో పాలు తగ్గించుకొన్నారో, అంటే ఎవరు ఖాళీ చేశారో, అందరికంటే ముందు వాడికి తెలుస్తుంది.

ఇంకొకటి. నెలనెలా బాడిగ కట్టే ఇల్లు వద్దు. భోగ్యానికి అడుగు. ఒకేసారి ఐదారు లక్షలు ఇస్తాం, మూడేళ్ళు బాడిగ లేకుండా ఉంటాం, పోయేటప్పుడు మా డబ్బు మాకు ఇచ్చేయాలి అని చెప్పు. ఆ డబ్బు నేనూ మీ అమ్మా చూస్తాం.

వేళకు తిను.
పెద్దమ్మ

తా.క.: మీ పెదనాన్న ఫోటో తీసేటప్పుడు కాగితం అంచు వదిలేస్తారు. ఎక్కడైనా మాట సగంలో ఆగితే నేను కోపంతో ఆపానని అనుకోవద్దు.


డబ్లిన్,
అక్టోబరు 7

పెద్దమ్మకు నేత్ర నమస్కారాలు.

ఇక్కడ పాలు పోసేవాళ్ళు లేరు. పాలు కొట్లో సీసాల్లో ఉంటాయి. భోగ్యం గురించి ఒక ఏజెంటుకు చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, "డబ్బంతా వెనక్కి ఇచ్చేయాలా" అని రెండుసార్లు అడిగాడు. మోసగాళ్ళ చేతిలో పడినవాళ్ళు ఫిర్యాదు చేసే నంబరు ఒకటి నాకు ఇచ్చాడు. ఆ తర్వాత నా ఫోన్ ఎత్తడం లేదు.

ఒక గది చూడటానికి పోతే రేషను షాపు ముందు నిలబడినట్టు జనం. ఇంకొకచోట గదిలోనే బట్టలుతికే మిషన్ ఉంది, మంచం దాని వెనకాల. నెలకు తొంభై వేల రూపాయలు. మరొకటి మెట్ల కింద ఉంది. అందులో స్వెట్టరు వేసుకోవాలంటే కూర్చోవాలి.

మొత్తానికి నా జీతానికి అందేది ఒక్కటే కనిపించింది. నోరా అని ఒక రిటైరైన ఆమె. ఆసుపత్రికి దగ్గరే, ఒక పిల్లితో ఒంటరిగా ఉంటుంది, ఇంట్లో ఒక చిన్న గది ఇస్తానంటోంది. కానీ దానికోసం చాలామంది కాచుకొని ఉన్నారు. ఇంతకు ముందు ఇంటి ఓనరు దగ్గర నుంచి ఉత్తరం తెమ్మంటోంది. నేను జన్మలో బాడిగకు ఉన్నది నీ మిద్దెమీది ఇంట్లోనే. కాబట్టి నా ఓనరమ్మవు నువ్వే. పక్కింట్లో ఇంగ్లీషు ట్యూషన్ చెప్పే మంజుశ్రీ అక్కతో రాయించు. చాలా మంచి పిల్ల అని నాలుగు మాటలు చాలు. అందరూ అంతే రాయిస్తారు. నోరా ఈ-మెయిలు కింద ఇచ్చాను.

ముప్పై ఒకటి, శుక్రవారం, హాస్టలు ఖాళీ చేయాలి. ఇది కూడా పోతే ఉద్యోగం వదులుకొని ఊరికి రావడమే. అప్పు చేసి వచ్చినదాన్ని, అట్లా రాలేను.

నేత్ర

తా.క.: మెట్ల కింది గది సంగతి అమ్మకు చెప్పొద్దు. ఆమె కలలో నేను ఆ గదిలోనే ఉంటాను.


చింతామణి,
అక్టోబరు 10

చిరంజీవి నేత్రకు, పెద్దమ్మ దీవెనలు.

ఉత్తరం పంపేశాను. నాలుగు మాటలు చూసి ఎవరూ ఇల్లివ్వరు. నేనివ్వను. ఎవరైనా "శానా మంచోళ్ళు" అని చెప్తే ఏదో దాస్తాండారని నాకు తెలిసిపోతుంది. నేను రాసింది ఇదీ:

"నోరా గారికి సుజాతమ్మ నమస్కారం. నేత్ర నా చెల్లెలి కూతురు. అయినా బాడిగ తీసుకొన్నాను, కాబట్టి ఓనరుగానే రాస్తున్నాను. మూడేళ్ళలో బాడిగ ఒక్క నెల కూడా ఆలస్యం కాలేదు. గీజరు ఆపడం మరిచిపోతుంది. నేను మిరపకాయలు ఎండబెట్టిన చోటే, వాటి నెత్తిన నీళ్ళు కారేటట్టు తడిబట్టలు ఆరేస్తుంది. ఆశ అనే స్నేహితురాలు రెండు రోజులని వచ్చి రెండు వారాలు ఉండింది. నీళ్ళ మోటారు విషయంలో నాతో ఒకసారి గట్టిగా మాట్లాడింది. తప్పు నాదే, గొంతు మాత్రం ఆమెది. రాత్రి డ్యూటీ నుంచి ఎప్పుడొచ్చినా మెట్లు చప్పుడు కాకుండా ఎక్కుతుంది. నాకు జ్వరం వస్తే అడగకుండానే దిగి వచ్చింది.

"ఆమె ఉన్న ఇంటి వివరాలు కూడా మీకు తెలియాలి. రెండు గదులు, వంటిల్లు. బాడిగ మూడు వేల ఐదు వందలు. లోపాలు: కుళాయి నీళ్ళు రోజూ రావు, సంపులో పట్టుకోవాలి. పొద్దున పడిన ఎండ సాయంత్రం దాకా ఇల్లు వదలదు, డిసెంబరులో కూడా. అన్నీ ఓర్చుకొన్న పిల్ల. మీ ఇంట్లో ఇంతకు ముందు ఉన్నవాళ్ళు మీ గురించి రాసిన ఉత్తరం ఉంటే దయచేసి పంపగలరు."

ధైర్యంగా ఉండు.
పెద్దమ్మ

తా.క.: "ఇట్ల రాస్తే ఎవరన్నా ఇల్లిస్తారా అక్కా" అంది మంజుశ్రీ. "ఇట్ల రాయకుంటే నేనియ్యను" అన్నాను. ఆ తర్వాత టైపు చేసింది.


డబ్లిన్,
అక్టోబరు 14

పెద్దమ్మకు,

నీ ఉత్తరం కాపీ చదివి నేను కాసేపు ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్నాను. నర్సులం అట్లా కూర్చోకూడదు.

నోరా ఫోన్ చేసింది. గీజరు గురించి ఒక్క మాట లేదు. ఆశ గురించి లేదు. నీ మిద్దె గురించే అడిగింది. డిసెంబరులో నిజంగా ఎండ ఉంటుందా అని మూడుసార్లు అడిగింది. మెట్లకు పట్టుకొనే కమ్మీ ఉందా అంది. నువ్వు రాసింది నిజమో కాదో తేల్చుకొంటోంది, అంతే. ఇక్కడివాళ్ళు అన్నీ సరిచూస్తారు. ఒక్కటి తప్పని తేలినా గది నాది కాదు. ఇకపై నీకే నేరుగా రాస్తానంది. ఆమె ఏమడిగినా నిజమే చెప్పు పెద్దమ్మా. కానీ కొంచెమే చెప్పు.

నేత్ర

తా.క.: తన మీద ఉత్తరం అడిగినవాళ్ళు ఇంతవరకు ఎవరూ లేరట. ముందు ఉన్న పిల్లలకు ఫోన్ చేసి రాయించుకొంటోంది.


చింతామణి,
అక్టోబరు 19

చిరంజీవి నేత్రకు,

ఒళ్ళు నొప్పులతో రాస్తున్నాను. నాలుగు రోజులుగా మీ నోరాకు జవాబులు చెప్పడమే నా పని. నీ తర్వాత ఉన్న సెరికల్చరు ఆఫీసు గుమాస్తా ఖాళీ చేసి పోయాక మిద్దె ఖాళీగానే పెట్టుకొన్నాం. బాడిగవాళ్ళ కథలు వినే ఓపిక ఇక లేదు. ఇప్పుడేమో ఆ ఖాళీ మిద్దెకే సున్నం కొట్టించాల్సి వచ్చింది. ఫోటోలు అడిగితే బూజుతో ఎట్లా పంపేది? నీ పరువు కదా.

ఎంత జాగ్రత్త గల మనిషమ్మా. డాక్టరు ఎంత దూరమని అడిగింది, రెండు వీధులని చెప్పాను. ఒంటరి ఆడమనిషికి ఇల్లిస్తారా అని అడిగింది. నిన్ను దృష్టిలో పెట్టుకొనే అడిగిందని అర్థమై, "ఇస్తాం, మగదిక్కు లేదని మేము ఎవరినీ తక్కువగా చూడం" అని రాయించాను. ఇప్పుడు ఎవరన్నా ఉన్నారా అంటే లేరన్నాను. అడ్వాన్స్ ఎంత, ఎట్లా కట్టాలి అంది. నువ్వు అప్పట్లో ఎట్లా కట్టావో చూసుకోవాలని కాబోలు. పది నెలల బాడిగ అని చెప్పి, మీ పెదనాన్న బ్యాంకు నంబరు కూడా ఇచ్చాను.

ఇట్లాంటి ఓనరు ఇంట్లోనే నువ్వు ఉండాలి. ఇల్లు నీకే వస్తుంది, రాసి పెట్టుకో.

పెద్దమ్మ

తా.క.: ఆమె మీద పాత బాడిగపిల్ల రాసిన ఉత్తరం వచ్చింది. "మనసు మంచిది, ఇల్లు మాత్రం ఐసుపెట్టె, ఒక చలికాలం పైపుల్లో నీళ్ళే గడ్డకట్టాయి" అని ఉంది. నువ్వు దుప్పట్లు కొనుక్కో.


డబ్లిన్,
అక్టోబరు 25

పెద్దమ్మకు,

గది పోయింది.

నోరా మెసేజి పెట్టింది. చలికాలమంతా వేరే దేశంలో ఉండబోతోందట, కాబట్టి గది ఇప్పుడు ఎవరికీ ఇవ్వదట. నీ ఉత్తరానికి చాలా కృతజ్ఞతలు చెప్పమంది. నాకది ఎగతాళిలాగే అనిపించింది. నీ మీద కోపం లేదు. కోపం తెచ్చుకొనే ఓపిక లేదు. ఇక ఆరు రోజులు. సామాను సర్దుతున్నాను, ఎక్కడికో తెలియదు.

నేత్ర


చింతామణి,
అక్టోబరు 27

చిరంజీవి నేత్రకు,

నీ ఉత్తరం మేమిద్దరం చదివాం. "ఉన్నవన్నీ రాయల్లని నీకెవురు చెప్పినారే" అన్నారు మీ పెదనాన్న. నేనూ తప్పు నాదేననుకొన్నాను.

ఆమె ఏ దేశానికి పోతోందో నువ్వు అడగలేదు. నేనూ అడగలేదు. నిన్న పొద్దున మీ పెదనాన్న ఫోనుకు బ్యాంకు మెసేజి వచ్చింది. ముప్పై ఐదు వేలు, నోరా పంపినవి. మన మిద్దెకు అడ్వాన్సు.

నేను భయపడి మంజుశ్రీని పిలిచి ఆమెకు ఫోన్ చేయించాను. మంజుశ్రీ విని నాకు చెప్పింది: "అక్కా, వాళ్ళింట్లో వెచ్చగా ఉండేదానికి నూనె కాల్చల్లంట. ఒక చలికాలం నూనె డబ్బుతో మన మిద్దెలో రెండేండ్లు ఉండొచ్చంట. మోకాళ్ళు నొప్పులంట, ఎండ కావల్లంట. బాడిగకని వచ్చిన ఉత్తరాలన్నిట్లోనూ దేవతలే ఉండారంట. నీ ఉత్తరమొక్కటే నమ్మినాదంట. ఆరు నెలలు ఉంటానంటాండాది."

నేను వెంటనే సరే అనలేదు. "చలికాలంలో ఇల్లు తాళమేసి వస్తే నీళ్ళు గడ్డకట్టి పైపులు పగిలిపోవా, పిల్లిని ఎవురు చూస్తారు, అడుగు" అన్నాను. పిల్లి సంగతి ఇంకా ఆలోచించలేదట.

"మా పిల్లను పెట్టు. నా మిద్దెకు నువ్వెంత ఇస్తావో, నీ ఇంటికి ఆ పిల్ల అంతే ఇస్తుంది" అని చెప్పమన్నాను.

"అక్కా, మూడు వేల ఐదు నూర్లంటే వాళ్ళకు ముప్పై ఐదు యూరోలు. ఇది శానా అన్యాయం, నేను చెప్పలేను" అంది మంజుశ్రీ.

"చెప్పేది నీ పని, సిగ్గుపడేది నా పని. చెప్పు."

చెప్పింది. నోరా ఎంతగా నవ్విందంటే మంజుశ్రీ ఫోను చెవికి దూరంగా పట్టుకొంది. నవ్వడం ఆపి ఒప్పుకొంది.

శుక్రవారం సామాను తీసుకొని నేరుగా ఆమె ఇంటికి పో. ఆమె బయలుదేరేది వచ్చే నెల తొమ్మిదిన. అంతవరకు చిన్న గది, ఆ తర్వాత ఇల్లంతా. విదేశీయులను బాడిగకు పెట్టుకొంటే పోలీసు ఆఫీసులో తెలపాలట. మీ పెదనాన్న ఈ రోజు చిక్కబళ్ళాపురకు పోయి, ఏవో కాగితాలు లేవని రేపు మళ్ళీ రమ్మంటే వచ్చి పడుకొన్నారు. నాకూ పడుకోవాలని ఉంది. మిద్దె మెట్లకు కమ్మీ పెట్టేవాడు ఇంకా రాలేదు.

ఇక నిద్రపో.
పెద్దమ్మ

తా.క.: నీకు ఇల్లు దొరికిందని మీ అమ్మకు చెప్పాను. సంతోషపడుతుందనుకొన్నాను. అంతా విని ఏడుపు మొదలుపెట్టింది. "పాపం, ఆ వయసులో నూనె డబ్బు గిట్టక దేశం దాటి వస్తాండాదా? ఆమె పిల్లోళ్ళు యాడ పోయినారక్కా? ఆ అడ్వాన్సు తిరిగి ఇచ్చెయ్" అంటోంది. ఆమెకు ఒక ఉత్తరం రాసి ఓదార్చు, నా వల్ల కాదు.