ఉప్పు చూసేవాళ్ళు లేని వారం

ఏప్రిల్ 10, సోమవారం

గ్రూప్ వచ్చింది. ఆరుగురు, వాళ్ళని వెంటబెట్టుకొచ్చిన హెలీన్ అనే ఆవిడ. అందరూ హాలండ్ వాళ్ళు. మరీ పొడుగు. తల కొట్టుకుంటుందేమోనని పై గది గుమ్మానికి పాత దుప్పటి చుట్టాను.

ఇదంతా మా కోడలు అర్గిరో జనవరిలో చేసిన పొరపాటు. ఈస్టర్ అయిన మర్నాడు వస్తామని వాళ్ళు ఫోన్‌లో అన్నారట, ఇది సరేనంది. ఎవరి ఈస్టరో అటువాళ్ళూ అడగలేదు, ఇదీ అడగలేదు. వాళ్ళది నిన్నే అయిపోయింది. మా గ్రీకు చర్చి లెక్క వేరు, మాది వచ్చే ఆదివారం. అంటే ఊరంతా పప్పూ ఆకుకూరలూ తిని ఉపవాసం ఉండే పవిత్ర వారంలో నేను రోజూ మేకమాంసం, చీజ్ వండాలి. వాళ్ళ ప్రోగ్రామ్‌లో అలాగే ఉంది. మాటిచ్చాక పప్పు పెడితే బాగుండదు.

వండటానికి భయం లేదు. ఉపవాసంలో నోట పెట్టి ఉప్పు చూడకూడదు, అదే భయం.

ఈ గ్రూప్ మెచ్చుకుంటే హెలీన్ ఏటా తీసుకొస్తుంది. లేకపోతే పై ద్రాక్షతోట పీకేసి పట్నంలో వ్యాన్ నడుపుకుంటానని మా అబ్బాయి మత్యోస్ అన్నాడు. వాడు ఖాళీ కొండదారిలో ట్రాక్టర్ నడిపితేనే నాకు ఊపిరాడదు. పట్నంలో వ్యానట.

ఏప్రిల్ 11, మంగళవారం

నిన్నటి కూర ఉప్పుకషాయం. నేను చేతి అంచనాతో వేశాను. అత్తయ్య రుచి చూడలేదు కదా, మర్చిపోయి ఉంటుందని అర్గిరో ఇంకో గుప్పెడు వేసింది. తనూ రుచి చూడలేదు. వాళ్ళు కూజాలకి కూజాలు నీళ్ళు తాగారు. ఒకాయన మాత్రం చివరిదాకా నవ్వుతూ తిన్నాడు. అది ఇంకా బాధ.

ఏప్రిల్ 11, రాత్రి భోజనాలయ్యాక

ఇవాళ అసలు ఉప్పే లేదు. అది వేసిందని నేను, నేను వేశానని అది.

మత్యోస్ వాళ్ళని వైన్ పీపాల దగ్గరికి తీసుకెళ్ళి అన్ని రకాలూ పోసి చూపించాడు. తను మాత్రం గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి కింద పెట్టేశాడు. ఈ వారం వైన్ కూడా కూడదు కదా. ఈయన తన వైన్ తనే తాగడేమిటని వాళ్ళలో ఒకావిడ అడిగిందట. ఆ తర్వాత ఎవరూ రెండో గ్లాసు అడగలేదట.

ఏప్రిల్ 12, బుధవారం

ఈ ఇంట్లో అసలు వండేదెవరని హెలీన్ అర్గిరోని పక్కకి పిలిచి అడిగిందట.

అదే రోజు, సాయంత్రం

అతిథి చేతికి గరిటె ఇచ్చి ఉప్పు చూడమనడం కంటే తలుపేసుకుని ఏడవడం నయం. పక్కింటివాళ్ళూ ఎదురింటివాళ్ళూ అందరూ ఉపవాసమే. అర్గిరో తనే రుచి చూస్తానంది. ఇంటి కోడలు ఈ వారంలో మాంసం నోట పెట్టడమా, వద్దన్నాను. పోనీ మీరు చూడండి అత్తయ్యా, దేవుడికి తెలియదా ఏమిటి అంది.

నా మొక్కు సంగతి దానికి తెలియదు. మత్యోస్‌కి నాలుగేళ్ళప్పుడు జ్వరం వచ్చి కళ్ళు తేలేశాడు. డాక్టరు తల అడ్డంగా ఊపాడు. ఆ పూట దేవుని తల్లి పటం ముందు మొక్కుకున్నాను, వీణ్ణి బతికిస్తే నా ప్రాణం ఉన్నంతకాలం ఈస్టర్ ముందు ఉపవాసాల్లో మాంసం, పాలు, గుడ్డు నాలుక్కి తగలనివ్వనని. వాడు బతికాడు. ఇప్పటిదాకా తప్పలేదు. ఒక్క చుక్క తగిలితే ఆవిడ ఇచ్చింది ఆవిడ వెనక్కి తీసుకోదని ఎవరు చెప్పగలరు?

రుచి చూడకపోతే వాడు పట్నం పోతాడు. చూస్తే వాడు అసలే పోతాడు. ఎటు తిరిగినా వాడే.

ఏప్రిల్ 13, గురువారం

ఊళ్ళో ఉపవాసం లేనివాడు ఒక్కడే, సిఫిస్. పాత కమ్యూనిస్టు. పెళ్ళికి తప్ప చర్చి గడప తొక్కలేదు. గుడ్ ఫ్రైడే నాడు కూడా కాఫీ కొట్టు ముందు కూర్చుని సాసేజ్ తింటానని చెప్పుకుంటాడు. మా ఆయనా అతనూ గట్టు తగాదాలో మాటలు మానేసి, మా ఆయన పోయేదాకా మళ్ళీ మాట్లాడుకోలేదు. నేనే వెళ్ళి అడిగాను. అడగడానికి ముందు రెండుసార్లు కొట్టు దాటి వెనక్కి వచ్చాను.

పెరటి గుమ్మం దగ్గరికి సొంత చెంచా తెచ్చుకున్నాడు. "ఏం గరిఫల్యా, మీ దేవుడి వంటకి ఉప్పు చూడ్డానికి కమ్యూనిస్టు కావాల్సొచ్చాడా?" అన్నాడు. దేవుడి వంట కాదు, హాలండ్ వాళ్ళదన్నాను. ఒక చిటికెడు పడాలన్నాడు. వేశాను. మళ్ళీ చూడాలన్నాడు. మళ్ళీ మళ్ళీ చూసి గిన్నెలో సగం ఖాళీ చేశాడు.

మూతి తుడుచుకుంటూ, మీ ఆయన బతికుండగా ఈ కూర ఒక్కసారైనా పెట్టలేదే అన్నాడు. గట్టు జరపకుండా ఉంటే పెట్టేవాళ్ళమే అన్నాను.

ఈ పూట అందరూ రెండోసారి వడ్డించుకున్నారు. హెలీన్ వంటింట్లోకి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. రేపటి పెద్ద విందు చూసి తమ ఆఫీసుకి చెబుతానందని అర్గిరో చెప్పింది.

ఏప్రిల్ 14, శుక్రవారం

పొద్దున్నుంచీ చర్చిలో చావుగంటలు. ఊరంతా రాత్రి ఊరేగించే క్రీస్తు శవపేటికకి పూలు కడుతోంది. నేను మాంసం ఉడికించిన నీళ్ళలో, మా పెళ్ళిళ్ళలో పెట్టే అన్నం వండుతున్నాను. వాసన వీధిలోకి పోకుండా కిటికీలన్నీ మూసి, తలుపు కింద గోనె పెట్టాను. ఆవిరికి గోడలు చెమర్చాయి.

సిఫిస్ వచ్చాడు. చెంచా తేలేదు. గుమ్మం బయటే నిలబడ్డాడు.

"ఇవాళ నా వల్ల కాదు" అన్నాడు. "మా అమ్మ ఉన్నన్నాళ్ళూ ఈ రోజు నన్ను తిననివ్వలా. పోయాక తిందామనుకున్నా. నోరు తెరుచుకోవట్లా. కొట్లో చెప్పమాక."

మరి సాసేజ్ అన్నాను. కాగితంలో మడిచి జేబులో పెట్టుకుంటానని, సాయంత్రం కుక్కకి వేస్తానని చెప్పాడు.

అన్నం పొయ్యి మీద ఉంది. అర్గిరో పూలు కట్టడానికి వెళ్ళింది. ఉప్పు వేసి మర్చిపోయానో, వేద్దామనుకుని ఊరుకున్నానో నిజంగా గుర్తు రాలేదు. మత్యోస్ పై తోటలో మట్టి తవ్వుతున్నాడు. పీకేస్తానన్న తోటకి మళ్ళీ మట్టి తవ్వుతున్నాడు. అది తెరిచిన గుమ్మంలోంచి కనిపించింది.

గరిటెతో తీసి నోట్లో పెట్టుకున్నాను. మింగాను.

సిఫిస్ శిలువ గుర్తు వేసుకున్నాడు. ఆ మనిషి వేసుకున్నాడు.

ఉప్పు సరిగ్గా ఉంది. నేను ముట్టకపోయినా సరిగ్గానే ఉండేది.

ఏప్రిల్ 15, శనివారం

గ్రూప్ వెళ్ళిపోయింది. ఏటా తెస్తానని హెలీన్ మాటిచ్చింది. అర్గిరో ఏడ్చింది. ఈసారి తేదీలు మా పూజారి క్యాలెండర్ చూసే ఇస్తుందట.

మత్యోస్ ట్రాక్టర్ తీశాడు. ఇవాళ వద్దురా అన్నాను. ఎందుకన్నాడు. రోడ్డు తడిగా ఉందన్నాను. ఎండ మాడిపోతోందమ్మా అన్నాడు. నేను బండి ముందు నిలబడిపోయాను. అప్పుడు చెప్పాల్సి వచ్చింది, జ్వరం, మొక్కు, నిన్నటి గరిటె, అన్నీ. నవ్వుతాడనుకున్నాను. ఇంజిన్ ఆపేశాడు.

"నాకు యాభై దాటాయమ్మా. ఇంకెన్నాళ్ళు నా ప్రాణం నీ నోట్లో పెట్టుకుని తిరుగుతావ్?"

కోపంగా అనలేదు. అలిసిపోయినవాడిలా అన్నాడు. ట్రాక్టర్ షెడ్డులో పెట్టేశాడు. నా కోసం పెట్టాడు. దానికి సంతోషించాలో సిగ్గుపడాలో తెలియలేదు.

ఏప్రిల్ 16, ఆదివారం

క్రీస్తు లేచాడు. గొర్రెపిల్ల మాంసం తిన్నాం. ముగ్గురం రుచి చూశాం, ముగ్గురమూ ఉప్పు తక్కువన్నాం.

ఏప్రిల్ 17, సోమవారం

మత్యోస్ ట్రాక్టర్ వేసుకుని పై తోటకి వెళ్ళాడు. నేను అడ్డం పడలేదు. ఇంట్లోంచి శబ్దం వింటున్నాను. ఆగింది.

మళ్ళీ మొదలైంది.