ముఖాముఖి మాస్టారు

అమ్మా,

నువ్వు కులాసాగా ఉన్నావని తమ్ముడు చెప్పాడు. ఫోన్లో అడగలేని సంగతి కనుక ఈ ఉత్తరం. మనింట్లో ముఖ్యమైన మాటలన్నీ కాగితం మీదే నడవాలని అలవాటు చేసింది నాన్నే కదా. ఫోను మోగితే "నువ్వు చూడవే" అని నీకు అప్పజెప్పి పక్కకు తప్పుకునేవారు. భాష చెప్పే పంతులు కనుక రాతంటే మోజు అనుకునేదాన్ని.

ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు జ్ఞాపకంగా ఒక చిన్న పుస్తకం వేస్తున్నారు. మొదటి రెండు పేజీలు నన్ను రాయమన్నారు. శనివారానికల్లా ఇవ్వాలి. కూతురిలా రాస్తే పొగడ్తలా ఉంటుందని, ముక్కూమొహం తెలియని మనిషి మీద వార్త రాస్తున్నట్టే మొదలుపెట్టాను. పాత విద్యార్థులు పదకొండు మందిని కలిశాను. విద్యాశాఖ ఆఫీసుకు వెళ్లి నాన్న సర్వీసు రిజిస్టరు చూశాను.

పదకొండు మందిలో తొమ్మిది మంది నేను అడక్కుండానే ఒకే సంగతి చెప్పారు. పాఠం ఎవరు చదవాలన్నా నాన్న బల్ల దగ్గరికి పిలిచేవారట. తన కుర్చీలో వాళ్లను కూర్చోబెట్టి, తాను ఎదురుగా నిలబడి, ఆఖరి వాక్యం దాకా చూపు తిప్పకుండా వినేవారట. పిల్లలు పెట్టిన పేరు ముఖాముఖి మాస్టారు. బస్సు డిపోలో మెకానిక్కు ఒకతను ఉన్నాడు, చిన్నప్పుడు బాగా నత్తి. చేతులు గుడ్డకు తుడుచుకుంటూ అన్నాడు: "మా ఇంట్లో నా మాట పూర్తయ్యేదాకా ఆగిన మనిషి లేడండీ. సార్ మాత్రం 'చెప్పరా, నాకేం తొందర, బెల్లు కొట్టేది నేను కాదుగా' అనేవారు. ఇప్పుడు యూనియన్ మీటింగులో మైకు నా చేతికొస్తే, లాక్కోవడానికి ఇద్దరు కావాలి."

ఇంట్లోనూ అంతే కదా. నాకు జడ వేసేటప్పుడు కూడా, నేనేదైనా మొదలుపెడితే "అద్దంలోకి చూసి చెప్పు" అనేవారు.

ఇక రిజిస్టరు. ఆయన ముప్పై మూడేళ్లు ఒకే బడిలో, ఒకే హోదాలో పనిచేశారు. అది తెలిసిందే. తెలియనిది ఇది: హెడ్మాస్టరుగా ప్రమోషన్ మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ ఆయనే వద్దని రాసిచ్చారు. మూడు కాగితాల్లోనూ ఒకటే వాక్యం, "నాకు తరగతి గది చాలు." మొదటి రెండూ నేను ఇంట్లో ఉన్న రోజుల్లోవే. మాకెందుకు చెప్పలేదమ్మా?

ఇంతగా ఎందుకు అడుగుతున్నానంటే, ఇరవై ఆరేళ్లుగా నీకు చెప్పకుండా మోస్తున్న మాట ఒకటుంది. నేను ఉద్యోగంలో చేరడానికి బయల్దేరిన ఉదయం నువ్వు లోపలున్నావు. నాన్న గుమ్మం దగ్గర వంగి నా పెట్టెకు తాడు బిగిస్తున్నారు. ఆ వారంలోనే ఆయనకంటే ఆరేళ్లు చిన్నవాడు హెడ్మాస్టరయ్యాడు. నాకు కడుపు మండిపోతోంది. ఆయన వీపుకేసి చూస్తూ అనేశాను: "మీలా ఒకే కుర్చీలో జీవితమంతా కూర్చోవడం నా వల్ల కాదు నాన్నా. మీకు ఎదగాలనే లేదు. మిమ్మల్ని చూస్తే సిగ్గేస్తోంది." ఆ ఆఖరి మాట అంటుండగానే ఆయన ముడి పూర్తిచేసి, లేచి, నావైపు తిరిగి నవ్వారు. "జాగ్రత్తమ్మా" అన్నారు. అంతే.

తిట్టినా బాగుండేది. పంతొమ్మిదో రోజున ఉత్తరం రాశాను. నా గది, ఆఫీసు మెట్లు, పక్క టేబులామె దగ్గు, అన్నీ కలిపి నాలుగు పేజీలు. క్షమించమన్న ముక్క మాత్రం చేతికి రాలేదు. జవాబుగా ఒక కార్డు వచ్చింది. దానిమీద ఒక్క లైను: "మాట నిలబెట్టుకున్నావు, సంతోషం."

ఏ మాట? మీలా కూర్చోనన్న మాటేనా? దెప్పుతున్నారనే అనుకున్నాను. అడిగే ధైర్యం లేకపోయింది. ఇప్పుడు అడుగుదామంటే ఆయన లేరు.

ఎదిగే అవకాశం రాక కాదని కాగితాలు చెబుతున్నాయి. మరెందుకు వద్దన్నారు? అది తెలియకుండా ఆ రెండు పేజీలు రాయలేను.

నీ పెద్దమ్మాయి


పెద్దమ్మాయీ,

నీ ఉత్తరం అందిన రోజే రాస్తున్నాను. నావి కోడిగీతలని నవ్వకు.

మీ నాన్నకు వినబడేది కాదు. ముప్పై ఆరో ఏట పెద్ద జ్వరమొచ్చి తగ్గింది గుర్తుందా, నీకప్పుడు తొమ్మిదేళ్లు. దాంతో ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడిది ఏడాదికింతని పోతూ వచ్చింది. "చెవిటి పంతులని తెలిస్తే ఇంటికి పంపేస్తారే" అన్నారు. ఇద్దరం కలిసి దాచాం. మీతో చెబితే మీరు వీధిలో చెబుతారు, వీధి బడికి చెబుతుంది.

ఆ కుర్చీని కిటికీకి ఎదురుగా వేయించింది పిల్లల మొహాన వెలుతురు పడాలని. అద్దం సంగతీ అదే. పెదాలు చూసి మాట పట్టుకోవడం నా మీదే నేర్చుకున్నారు. సాయంత్రాలు వంటింట్లో నేను గొంతు లేకుండా పాఠం చదివేదాన్ని, ఆయన పైకి చెప్పేవారు. "అమ్మకేదో అయింది, తనలో తనే మాట్లాడుకుంటోంది" అని నువ్వు తమ్ముడితో అన్నావు. అలా పదో తరగతి పుస్తకం మొత్తం నాకు నోటికొచ్చేసింది. ఎవరూ పరీక్ష రాయించలేదు గానీ, రాస్తే నీకంటే మంచి మార్కులే వచ్చేవి.

బడిలో సంగతి తెలిసింది లెక్కల మాస్టారు ఒక్కడికే. స్టాఫ్ మీటింగుల్లో అతను పక్కన కూర్చుని కాగితం మీద రాసి చూపేవాడు. ఎవరైనా జోకేస్తే అదీ రాసేవాడు. అందుకే అందరూ నవ్వడం అయ్యాక అర నిమిషానికి మీ నాన్న నవ్వేవారు. జనం దాన్ని పెద్దరికమన్నారు.

హెడ్మాస్టరంటే పొద్దస్తమానం ఫోను, వచ్చేపోయే అధికారులు. అక్కడ దాగదు. తరగతిలో అయితే పిల్లల మొహం కళ్లెదురుగా ఉంటుంది. "వినబడకుండా పాఠం చెప్పడం మోసమేమోనే" అని ఒకసారి ఆయనే అన్నారు. ఆ ఏడాది ఆయన సబ్జెక్టులో ఒక్కరూ తప్పలేదు. ఫలితాల కాగితం నా చేతిలో పెట్టి, ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

రిటైరైన మర్నాడే చెవికి మిషన్ పెట్టుకున్నారు. మీరు వయసు మీద పడిందనుకున్నారు. మొదటిరోజే నన్ను అడిగారు, "ఈ కుక్కరు ఇంత గోల చేస్తుందా? ఇన్నేళ్లు ఎలా భరించావే?"

ఇక నీ మాట. ఆ పొద్దున నేను లోపల లేను, తలుపు వెనకే ఉన్నాను. అంతా విన్నాను. ఆయనే వినలేదు. బండి మలుపు తిరిగాక అడిగారు, "నేను తిరిగేసరికి దాని పెదాలు కదులుతున్నాయి. ఏమందే?" నేను తడుముకోకుండా "వెళ్లగానే ఉత్తరం రాస్తానంది" అన్నాను. అప్పటికి నోటికి అదే వచ్చింది.

మర్నాటి నుంచి పోస్టుమాన్ వచ్చే వేళకు గేటు దగ్గర నిలబడేవారు. నువ్వు రాయకపోతే నా అబద్ధం బయటపడుతుందని నేనూ గుమ్మంలోకి వస్తూ పోతూ ఉండేదాన్ని. "మాటిచ్చింది కదే, రాస్తుందిలే" అని ఆయనే నాకు ధైర్యం చెప్పేవారు. ఇరవై రెండో రోజున నీ ఉత్తరం వచ్చింది. చెప్పులు కూడా విప్పకుండా కార్డు రాసి, ఆయనే వెళ్లి డబ్బాలో వేసొచ్చారు.

ఏ మాటో ఇప్పుడు తెలిసిందిగా.

చెవుల సంగతి నిక్షేపంగా రాసెయ్. ఇక ఆయన ఉద్యోగం ఊడబెరికేవాళ్లు లేరు. ఆ మెకానిక్కుకు మాత్రం అచ్చుకాకముందే నువ్వే వెళ్లి చెప్పు, ఎదురుగా నిలబడి చెప్పు. సార్ వినలేదని అతను అనుకోకూడదు. అంత కష్టపడి విన్నారని తెలియాలి.

నువ్వన్న ఆ మాట మాత్రం రాయకు. ఆయన చెవిన పడనిది ఆయన పుస్తకంలో ఎందుకు?

మీ అమ్మ