వడియాలకి కాపలా కట్టిన ప్రింటర్ సీడీ

ఫణీ,

తప్పులుంటే సరిచేసుకుని చదువుకో. ఈ నాలుగు ముక్కలు రాయడానికి నాకు పొద్దుటినుంచీ ఇంతసేపు పట్టింది.

ప్రింటర్ సీడీ కంప్యూటర్ మీద పెట్టాను. మేడ మీద వడియాలకి కాకులు రాకుండా పురికొసతో నువ్వు వేలాడగట్టింది అదే. ప్రింటర్ మీద ఉన్న ఇంగ్లీషు అక్షరాలూ దాని మీదవీ ఒక్కొక్కటే సరిచూసి పోల్చుకున్నాను. రిపేరు సుబ్బరాజు గారు నాలుగింటికి వస్తారు. "సీడీ దొరికితే పది నిమిషాల పనండీ. కార్ల ఆటకి చోటు చాలక ప్రింటర్ డ్రైవర్ ఫైళ్ళు ఎవరో తీసేశారు" అన్నారాయన. ఈ ఇంట్లో కార్ల ఆట ఆడే ముప్పై నాలుగేళ్ళ మగాడు ఒక్కడే.

తీసేసింది నువ్వయి ఉండి, మన దగ్గర శుభలేఖలు అచ్చుకిచ్చిన వాళ్ళ ముందు "మా ఆవిడే పాడుచేసిందండీ" అన్నావు. శ్యామల అన్నం ముట్టకుండా పుట్టింటికి పోయింది. అరవై దాటాక నా చేత ఓనమాలు దిద్దించిన పిల్లరా అది. ఛీ, నిన్ను చూస్తే అసహ్యం వేస్తోంది.

శుభలేఖలు అచ్చయ్యాక వాళ్ళకి నిజం చెప్పి ఇచ్చిరా. ఆ తరవాత వచ్చి మమ్మల్నిద్దరినీ తీసుకెళ్ళు. చారు పొయ్యి పక్కన ఉంది. సీడీ తీసేశాను కాబట్టి నాలుగయ్యేదాకా వడియాల దగ్గర నువ్వే కూర్చో.

మీ అమ్మ రత్నమాణిక్యం, అరవై రెండేళ్ళు. ఇవాళ్టి నుంచి ఉండేది అత్తిలిలో, మా వియ్యంకుల ఇంట్లో.