సున్నమని రాసిన గోడ

జూలై 29, సోమవారం

జ్యోతిక నిన్న అన్నది తప్పు. మా కాలంలో హెరిటేజ్ అనే మాటే లేదని అన్నది. మాట ఉండేది. దానికో ఫైలు ఉండేది. ఫైలు మీద పేపర్ వెయిట్ ఉండేది. దాన్ని ఎత్తినవాళ్లే లేరు.

జ్యోతిక నా మనవరాలు, ఆర్కిటెక్ట్. పాత కట్టడాలు బాగుచేసే ఆఫీసులో ఏడాదిగా పని చేస్తోంది. ఇప్పుడు వాళ్ల చేతికి వచ్చింది కొత్తపేట దాటాక ఎల్బీనగర్ వైపు, మెట్రో పిల్లర్ల వెనక ఉన్న ముసాఫిర్ బంగళా. ప్రయాణంలో ఉన్న అధికారుల బసకు 1911లో కట్టింది. గోడలన్నీ చెమ్మెక్కి, ఉప్పు పూసి, పెచ్చులు ఊడుతున్నాయి. ప్రమాదకరం, కూల్చేసి ఆఫీసు కాంప్లెక్స్ కట్టాలని ప్రభుత్వ భవనాలు చూసే డిపార్ట్‌మెంట్ రిపోర్టు రాసింది. ఆగస్టు 20న కమిటీ వచ్చి చూస్తుంది. గోడలు నిలబడతాయని ఆలోగా రుజువు చూపకపోతే కూల్చడానికి ఆర్డర్ ఇస్తారు.

నేను డిపార్ట్‌మెంట్‌లో ముప్పై నాలుగేళ్లు చేశాను. అసిస్టెంట్ ఇంజనీర్‌గా మూడేళ్లు ఆ బంగళా నా సెక్షన్‌లోనే ఉండేది. ఆ సంగతి జ్యోతికకు చెప్పాను. ఎగిరి గంతేసింది. బుధవారం నన్ను అక్కడికి తీసుకుపోతుందట.

జూలై 31, బుధవారం

ఆటోలో పోయాం. మెట్రోలో పోదామంటే మోకాలు ఒప్పుకోలేదు.

బంగళాను చూసి పద్నాలుగేళ్లయింది. వరండా స్తంభాలు బాగున్నాయి. టేకు దూలాలు బాగున్నాయి. గోడలు మాత్రం బొబ్బలెక్కిన చర్మంలా ఉన్నాయి. కింది మూడు అడుగులూ నల్లగా తడి. గదుల్లో విరిగిన బల్లలు, పాత ఎన్నికల పెట్టెలు, ఒక వీల్‌చైర్. ప్రభుత్వం దేన్నీ పారేయదు, భవనాన్ని తప్ప.

జ్యోతిక గోడను వేలితో గీకి, పైన ఉన్నది సిమెంట్ గిలాబు, అంటే ప్లాస్టరింగ్ అని తేల్చింది. రాయి, సున్నంతో కట్టిన గోడకు సిమెంట్ పూస్తే లోపలి తడి బయటికి పోదు, అక్కడే కుళ్లుతుంది. పిల్లకు పని తెలుసు. కానీ సిమెంట్ ఎప్పుడు పడిందో కాగితం లేదు. ఇప్పటి ఈఈ, అంటే ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, శ్రీకర్ వాదన ఏమిటంటే, గోడ ఏనాడో పాడైంది, పాడైంది కనుకే ఎవరో సిమెంట్ వేశారు, కనుక రోగం రాతిలోనే ఉంది. గిలాబు కొట్టి లోపల చూద్దామంటే ఒప్పుకోవడం లేదు. ప్రమాదకరమని తానే రాసిన గోడ మీద సుత్తి ఎలా వేయనిస్తానంటున్నాడట. అతని చోట ఉంటే నేనూ అదే అనేదాన్ని.

నీకేమన్నా గుర్తుందా నానమ్మా అని దారిలో రెండుసార్లు అడిగింది. మోకాలు నొప్పి అన్నాను. అబద్ధం కాదు.

ఆగస్టు 1

వాన. ఏమీ రాయను.

ఆగస్టు 2, శుక్రవారం

సెక్షన్ ఆఫీసు బీరువాలో పాత ఎం.బుక్ దొరికిందట. జరిగిన ప్రతి పనినీ కొలిచి, ఇంజనీరు సంతకం పెట్టే పుస్తకం. జ్యోతిక ఫోన్‌లో ఫోటో చూపించింది. 1990 జూన్. ముసాఫిర్ బంగళా, లోపలి, బయటి గోడలు, వెల్లసున్నం, మూడు పూతలు. కింద సంతకం, ఎం. ఇందిరాదేవి.

నా చేతిరాత చక్కగా ఉందని మెచ్చుకుంది. ఆ ఫోటోను డీపీగా పెట్టుకుంది. తర్వాత నీరసపడింది. 1990లో వెల్ల మాత్రమే వేశారంటే సిమెంట్ అంతకు ముందెప్పుడో పడినట్టే కదా, శ్రీకర్ వాదనే నిలుస్తుందన్నది. అతను ఈ పేజీని జిరాక్స్ తీసి రిపోర్టుకు జత చేశాడట.

నా సంతకం పాపం, ఇంకా డ్యూటీలోనే ఉంది.

ఆగస్టు 4, ఆదివారం, ఉదయం 6

ఎవరూ లేవలేదు. ఇప్పుడే రాసేయాలి.

ఆ సిమెంట్ వేయించింది నేనే.

1990 జూన్‌లో ఒక మంత్రిగారు బంగళాలో బస చేస్తారని కబురొచ్చింది. వారం టైము. సున్నపు గోడలు ఎగుడుదిగుడుగా ఉన్నాయి, అద్దంలా ఉండాలన్నారు అప్పటి ఈఈ భానుమూర్తి గారు. నోటిమాటగానే అన్నారు. సిమెంట్ గిలాబుకు స్పెషల్ రిపేర్ శాంక్షన్ కావాలి, దానికి మూడు నెలలు పడుతుంది. ఏటా వేసే వెల్లకు శాంక్షన్ రెడీగా ఉంటుంది. అందుకని గోడకు గిలాబు, పుస్తకానికి వెల్ల. అప్పట్లో అందరూ చేసేదే. ఆ ఏడాది నేను పుస్తకంలో వేసిన వెల్లంతా నిజంగా వేసి ఉంటే గదులు సగానికి చిన్నవయ్యేవి.

గోడకు ఏ రోగమూ లేదు. పొడిగా, గట్టిగా ఉండేది. చేత్తో తట్టి చూసిందాన్ని, నాకు తెలుసు.

మేస్త్రీ మట్టయ్యకు కూడా తెలుసు. నల్గొండ వైపు మనిషి, సున్నం పనిలో అంతటివాడు మా డివిజన్‌లో లేడు. ఈ గోడ నీళ్లు తాగుతుంది, మళ్లీ కక్కుతుంది, సిమెంట్ కొడితే కక్కడానికి నోరుండదు అన్నాడు. నువ్వు ఏ కాలేజీలో చదివావని అడిగాను. పదిమంది కూలీల ముందు. అతను తాపీ కడుక్కుని సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు. మిగతావాళ్లతో చేయించాను. మంత్రిగారు రానే లేదు.

ఆగస్టు 6, మంగళవారం

భానుమూర్తి గారికి ఫోన్ చేశాను. నాగోల్‌లో ఉంటారు. ఎనభై రెండేళ్లు, గొంతు మాత్రం ఇంకా ఈఈదే. జరిగింది ఒప్పుకుంటూ ఇద్దరం కలిసి ఒక కాగితం రాసిద్దామన్నాను.

ముందు గుర్తులేదన్నారు. తర్వాత, గుర్తున్నా చెప్పకూడదన్నారు. రిటైర్డ్ ఇంజనీర్ల సంఘానికి ఆయన అధ్యక్షుడు. సెప్టెంబర్ 15న ఇంజనీర్స్ డేకి నాకు సన్మానం ఖాయం చేశారట. టేపు పెట్టి కొలవనిదే సంతకం పెట్టని మనిషిగా నన్ను అందరికీ పరిచయం చేస్తారట. "ఏమ్మా, రేపు శాలువా కప్పించుకునేదానివి, ఇవాళ ఇలాంటి కాగితం ఎవరైనా రాస్తారా?" అన్నారు.

రిటైరై నాలుగేళ్లు దాటితే పెన్షన్ జోలికి ఎవరూ రాలేరు. నాకు పద్నాలుగు దాటాయి. పేరు సంగతి మాత్రం ఏ రూలులోనూ రాయలేదు. డెబ్భై రెండేళ్ల వయసులో నాకు మిగిలింది అదొక్కటే. మోకాళ్లు ఎటూ లేవు.

ఆగస్టు 9, శుక్రవారం

పాత వర్క్ ఇన్‌స్పెక్టర్ జానయ్యకు ఫోన్ చేస్తే పది నిమిషాల్లో మట్టయ్య అడ్రసు చెప్పాడు. వనస్థలిపురంలో కూతురింట్లో ఉంటున్నాడు. మా దిల్‌సుఖ్‌నగర్ నుంచి బస్సులో అరగంట. ముప్పై నాలుగేళ్లు పట్టింది నాకు.

వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మనిషి ఎండిపోయాడు కానీ చేతులు అవే. నన్ను వెంటనే గుర్తుపట్టాడు. ఇంజనీరమ్మా అని లేవబోయాడు, వద్దన్నాను. కూతురు చాయ్ ఇచ్చింది. ఆ రోజు నువ్వు చెప్పిందే నిజమని చెప్పడానికి వచ్చానన్నాను.

"గా ముచ్చట నాకు ఎర్కనే అమ్మా. మీకెప్పుడు ఎర్కైంది?"

"ఆ మరుసటి వానాకాలానికే. అడుగు ఎత్తున చెమ్మ కనిపించింది."

"మరి గిన్నేండ్లు ఏం జేసిన్రు?"

"ప్రమోషన్లు తీసుకున్నాను."

దగ్గొచ్చేదాకా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు కానీ కాస్త తేలికైంది. తర్వాత అతను నవ్వడం ఆపి, ఆ బంగళా సున్నం తన తాత కొట్టిన సున్నమని చెప్పాడు. 1911లో కట్టినప్పుడు తాత అక్కడే కూలీ. ఈ మాట అప్పుడెందుకు చెప్పలేదని అడిగాను. మీరు కాలేజీ గురించి అడిగిన్రు, తాత గురించి అడగలేదు అన్నాడు.

20వ తేదీన రాగలవా అన్నాను. మీరు కాగితం రాస్తే వస్తానన్నాడు. నోటిమాట పని ఇక చేయడట.

ఆగస్టు 10, శనివారం

భోజనాలయ్యాక జ్యోతికకు చెప్పాను. మొత్తం. అది ప్లేటులో వేలితో గీతలు గీస్తూ విన్నది.

"అంటే నువ్వు దొంగకొలత రాసినవా, నానమ్మా?"

అవునన్నాను. పక్కన ఇంకో మాట పెట్టాలనిపించింది, అప్పటి పద్ధతి, పైవాళ్ల ఒత్తిడి, అలాంటివి. పెట్టలేదు.

ఈ ముచ్చట సైట్‌కు పోయిన రోజే చెప్తే పది రోజులు కలిసొచ్చేవి కదా అన్నది. నిజమే. దానికి నా మీద వచ్చిన కోపం నా తప్పు మీద కాదు, షెడ్యూలు మీద. ఈ కాలం పిల్లలు ఆరోగ్యంగానే ఉన్నారు.

డీపీ మార్చింది. ఇప్పుడు మళ్లీ ఎవరిదో పిల్లి ఉంది.

ఆగస్టు 12, సోమవారం

కాగితం రాశాను. కమిటీకి ఒకటి, శ్రీకర్‌కు ఒకటి, సంఘానికి ఒకటి. సర్వీసులో వేల కాగితాలు రాశాను, ఒక్కదానిలోనూ నేను అన్న మాట వాడలేదు. చేయబడినది, వేయించబడినది, గమనించబడినది. ఇందులో ఎనిమిదిసార్లు వాడాను. గోడ పొడిగా ఉండగా నేను సిమెంట్ వేయించాను. నేను వెల్ల అని రాశాను. భానుమూర్తి గారి పేరు రాయలేదు. ఆయన చెప్పింది నోటిమాట, సంతకం నాది.

ఆగస్టు 14

రిటైర్డ్ ఇంజనీర్ల గ్రూపులో రోజూ పదిహేడు మంది గుడ్ మార్నింగ్ పూలు పెడతారు. ఇవాళ ఒక్క పువ్వూ లేదు. ఫోన్ చార్జింగ్ రెండు రోజులు వచ్చేలా ఉంది.

ఆగస్టు 20, మంగళవారం

కమిటీలో ముగ్గురు. అధ్యక్షురాలు విజయశ్రీ అనే ఆవిడ, యాభై ఏళ్లుంటాయి, కళ్లజోడు తలమీద పెట్టుకుని వెతుక్కునే రకం. నా కాగితాన్ని వరండాలో నిలబడి పైకి చదివించారు. చదివింది శ్రీకర్. ఆ ఎనిమిది నేనులూ వేరే మనిషి గొంతులో విన్నాను. ఎవరూ నా వైపు చూడలేదు. అది మర్యాదో మరొకటో తెలియదు.

తర్వాత శ్రీకర్ నన్ను పక్కకు పిలిచాడు. గుంటూరు వైపు అబ్బాయి, మర్యాదస్తుడు. "మేడం గారూ, మీలాంటి సీనియర్లే ఇలా రాసిస్తే డిపార్ట్‌మెంట్ ఏమైపోవాలండీ?"

"దానికేం కాదు నాయనా. దానికి నేను సిమెంట్ పూయలేదు."

అధ్యక్షురాలు ఒక గజం మేర గిలాబు తీయడానికి ఒప్పుకున్నారు. మట్టయ్య మెడలో తువ్వాలు వేసుకుని వచ్చాడు. ఉలి పెట్టి నాలుగు దెబ్బలు వేశాడు. సిమెంట్ అప్పడంలా ఊడి వచ్చింది. నా జీవితంలో అంత పెద్ద అప్పడం నేను చేయలేదు. లోపల సున్నం నల్లగా, తడిగా ఉంది. మురుగు వాసన. కమిటీ ముగ్గురూ మొహాలు చిట్లించారు. శ్రీకర్ ఏదో అనడానికి నోరు తెరిచాడు. జ్యోతిక నా మోచెయ్యి పట్టుకుంది, గట్టిగా.

మట్టయ్య ఎవరి వైపూ చూడలేదు. తడి సున్నాన్ని చేత్తో గీకేసి, రాళ్ల మధ్య అతుకులో ఉలి మొన పెట్టి బలంగా నొక్కాడు. దిగలేదు. ఇంకోచోట నొక్కాడు. దిగలేదు. సుత్తి తిప్పి రాతిని కొట్టాడు. గంటలా మోగింది. ఉలిని అధ్యక్షురాలి చేతికిచ్చి, మీరు కూడా నొక్కి చూడమన్నాడు. ఆవిడ కళ్లజోడు దించుకుని నొక్కారు. దిగలేదు.

"తడి గోడది గాదు మేడం. మేమే లోపల పెట్టి తలుపేసినం," అన్నాడు.

మేము అన్నాడు. పని వదిలేసి వెళ్లిపోయిన మనిషి. సరిదిద్దాలని నోటిదాకా వచ్చింది. అందరి ముందు అతని మాటకు అడ్డు చెప్పడం ఒకసారి చాలు.

కమిటీ మినిట్స్‌లో రాసింది ఇది. వచ్చే వానాకాలం దాటేదాకా కూల్చకూడదు. సిమెంట్ అంతా తీసి గోడలు ఆరనివ్వాలి. ఈలోగా తూర్పు గోడ ఒక్కటి మట్టయ్య చేత పాత పద్ధతిలో సున్నం పని చేయించి చూడాలి. అంటే నెగ్గినట్టు కాదు, గడువు దొరికినట్టు. ప్రభుత్వ భవనానికి అదే నెగ్గడం.

ఆగస్టు 21

ఇంజనీర్స్ డే ఆహ్వానం వచ్చింది. సన్మానాల్లో నా పేరు లేదు. టిఫిన్ వివరాలు ఉన్నాయి.

ఆగస్టు 24, శనివారం

జ్యోతికను రాసుకోమంటే రాసుకోలేదు, అందుకని నేనే రాసి ఫ్రిజ్ మీద కూడా అంటిస్తున్నాను. సోమవారం పొద్దున దిల్‌సుఖ్‌నగర్‌లో మూలికల కొట్టుకు పోవాలి. కరక్కాయలు రెండు కిలోలు, పొడి వద్దు, కాయలే. తర్వాత నల్లబెల్లం ఐదు కిలోలు. సారా కాయడానికనుకుంటారు, ఆధార్ కార్డు తీసుకుపోవాలి. పదింటికల్లా మట్టయ్యకు అందాలి, రెండూ నానబెట్టి ఆ నీళ్లు సున్నంలో పోస్తాడు. ఇన్ని కరక్కాయలు ఎవరికి, ఏం జబ్బు అని కొట్టతను తప్పకుండా అడుగుతాడు. గోడకని చెప్పాలి. నమ్మకపోతే నాకు ఫోన్ చేయించాలి.