మడుగుదున్నను చూడని యోహాను

2-8-1999, సోమవారం
పదకొండేళ్లుగా ఊరు నన్ను దున్న మోషే అంటోంది. ఓర్చుకున్నాను. ఈరోజు పార్టీవాళ్లు ఇచ్చిన ఓటరు స్లిప్పు మీద కూడా అదే రాశారు. అవతలి పార్టీ స్లిప్పు తెప్పించి చూశాను. దాని మీదా అదే. ఒకరినొకరు నరుక్కునేవాళ్లు ఈ ఒక్క మాట మీద కలిశారు.

3-8-1999
ఉన్నది రాస్తున్నాను. మా చెరువు నీళ్లలో మడుగుదున్న ఉంటుందని తాతల నాటి మాట. 1988లో నేను చూశాను. తాటిమొద్దంత మెడ. లారీ లైట్ల లాంటి కళ్లు. కట్ట మీద పదకొండు మందిమి ఉన్నాము. పదకొండు మందిమీ పరుగెత్తాము. మరునాడు అడిగితే, నేను తప్ప ఎవరూ ఊళ్లోనే లేరు! ఒకడు జమ్మలమడుగు ఆసుపత్రిలో, ఒకడు పులివెందుల పెండ్లిలో. బాంబు పడినా మా ఊళ్లో ఇదే అలవాటు. పోలీసు జీపు వస్తే ఊరంతా గుడ్డిది. సరే, దున్న మీద కేసు ఎవరు పెడతారు? కోర్టుకు ఎవరు పిలుస్తారు?
నా పక్కన నిలబడింది నా బామ్మర్ది యోహాను. వాడు పారేసి పోయిన ఎర్ర తువ్వాలు ఇంకా నా దగ్గరే ఉంది.

5-8-1999, ఉదయం
యోహాను ఇంటికి పోయాను. ఆదివారం చర్చిలో అందరూ సాక్ష్యాలు చెప్పేటప్పుడు లేచి, దున్నను చూశానని చెప్పమన్నాను. ఆ పొద్దు ప్రొద్దుటూరులో ఉన్నానన్నాడు. తువ్వాలు చూపించాను. నాది కాదన్నాడు. చెరువెండి మూడేండ్లాయె బావా, నీ దున్న యాడికి పోయింది, బస్సెక్కిందా అన్నాడు. వాని పెండ్లాము నరసమ్మ పడీపడీ నవ్వింది.

సాయంత్రం
వాడే వచ్చాడు. గడప దాటలేదు. తొంభైలో నా గడ్డివామి తగలబెట్టిన పొద్దు నువ్వు యాడున్నావు బావా అని అడిగాడు.
ప్రొద్దుటూరులో అన్నాను.

6-8-1999
అన్నం సయించలేదు.

7-8-1999
నా పెండ్లాము యేసమ్మ ఊరుకోదు. నా తమ్ముని వామి కాల్చినోళ్లను నువ్వు సూసినావు, ఆ పొద్దు నీ పంచెకు అంటిన మసి ఉతికింది నేనే కదా అంది. నోరు మూసుకోమన్నాను. తను మూసుకోలేదు.

8-8-1999, ఆదివారం
సాక్ష్యాలప్పుడు నేనే లేచాను. వామికి అగ్గి పెట్టింది మన పార్టీ వాళ్లే అని ఇద్దరి పేర్లూ చెప్పాను. ఇద్దరూ మూడో వరుసలోనే ఉన్నారు. ఆ పొద్దు మేము పులివెందులలో ఉన్నామని ఒకేసారి అరిచారు. పాస్టరు తానూ ఊళ్లో లేనట్టే మొహం పెట్టాడు. ఇంటికి రాగానే యేసమ్మ తలుపు గడియ వేసి, కోడిని కోసింది.

9-8-1999
యోహానూ, ఈ కాయితం చించి తువ్వాలులో చుట్టి పంపిస్తాండా. వామి కాలిన పొద్దు నేను ప్రొద్దుటూరులో లేను. దున్న కనబడిన పొద్దు నువ్వు? పదహైదో తేదీ ఆదివారం లోపల జవాబు కావాల.