మూడో వరస

బాబాయికి నమస్కారాలు.

ఇక్కడ అందరం బాగున్నాం. నీ కంటి ఆపరేషన్ బాగా జరిగిందనీ, ఇంకో రెండు నెలలు చదవకూడదు, రాయకూడదు అన్నారనీ తెలిసింది. కింది వాటాలో ఉండే టైలరమ్మగారు ఉత్తరాలు చదివి పెడతానన్నారట, ఆవిడకి నా నమస్కారాలు చెప్పు. ఫోన్ చేస్తే నువ్వు "ఆఁ? ఆఁ?" అనడం తప్ప ఇంకేమీ జరగదు కాబట్టి మనకి ఉత్తరమే గతి.

సంగతేమిటంటే, మేం ఏడు సీట్ల బండి కొంటున్నాం. నేనూ, మా ఆయనా, పాపా, అమ్మా, మా అత్తగారూ. ఐదుగురికి ఏడు సీట్లెందుకంటే అమ్మనడుగు. ఏడే కావాలని పట్టుబట్టింది. మన లాండ్రీ వ్యాన్ మీద బెంగ పెట్టుకుంది. వారమంతా హోటళ్ళ దుప్పట్లు మోసిన ఆ వ్యాన్‌లో ఆదివారం సాయంత్రం నువ్వు మమ్మల్నందరినీ షికారు తిప్పేవాడివి. ఇస్త్రీ మూటలు ఇంకా వెచ్చగా ఉండేవి. ఆ గంజి వాసనకి అన్నయ్య వీధి చివరికి చేరకముందే నిద్రపోయేవాడు. నాన్న నీ పక్కన కూచుని ప్రతి మలుపుకీ "తమ్ముడూ, మెల్లిగా" అనేవాడు. అలాంటి ఆదివారం ఇంకొక్కటి కావాలంటోంది అమ్మ.

ప్రెస్సులో ప్రూఫులు దిద్దుకునేదాన్ని, బండిలో తప్పెక్కడుందో నాకేం తెలుస్తుంది? ఇరవై ఎనిమిదేళ్ళు నడిపినవాడివి, ఎలా ఎంచుకోవాలో నువ్వే చెప్పు.

నీ బొత్తాం

తా.క. మా ఆయన సర్వేయరు కదా, షోరూముకి టేపు పట్టుకెళ్ళాడు. బండి కొలిచాక అలవాటు కొద్దీ షోరూము కూడా కొలిచాడు. అది కాగితాల్లో ఉన్నదానికంటే మూడడుగులు చిన్నదట. ఇప్పుడు వాళ్ళు మమ్మల్ని చూస్తే లోపలికి వెళ్ళిపోతున్నారు.

*

చిరంజీవి బొత్తానికి బాబాయి ఆశీస్సులు.

నీ ఉత్తరం టైలరమ్మ రెండుసార్లు చదివింది. వ్యాన్ ముక్క మాత్రం మూడోసారి కూడా చదివించుకున్నాను. దుకాణంలో రాలిన బొత్తాలన్నీ ఏరి డబ్బాలో దాచుకునే పిల్లవి, ఇవాళ బండి కొనేంతదానివయ్యావు. అయితే ఒకటి మర్చిపోయావు. ఆసుపత్రి దగ్గర ఎత్తు రోడ్డు మీద వ్యాన్ ఆగిపోతే మీ నాన్న ఇస్త్రీ చొక్కా నలగకుండా చేతులు మడుచుకుని దిగి తోసేవాడు. నువ్వు దిగకుండా, లోపలే కూచుని, ముందు గోడని రెండు చేతులతో తోసేదానివి. "నేనూ తోస్తున్నా బాబాయ్" అని అరుపొకటి!

బండి సంగతి. షోరూములో నిలబెట్టిన బండి పెళ్ళిచూపుల్లో పిల్లలాంటిది, తలొంచుకునే ఉంటుంది. దాన్ని మీ వీధి మలుపులోకి తీసుకురమ్మను. మీ గేటులో దూర్చమను. ఏడుగురినీ ఎక్కించి ఎత్తు మీద ఆపి, మళ్ళీ కదిలించమను. ఆ తర్వాత డిక్కీ తెరువు. ఏడుగురు కూచున్నాక రెండు సంచులు పట్టకపోతే అది ఏడు సీట్ల బండి కాదు. అన్నిటికన్నా ముందు, రోజూ ఎవరెక్కుతారు, ఏడాదికి ఎన్నిసార్లు అందరూ ఎక్కుతారు, అది తేల్చుకో. వెనక సీట్లో ఎవరు కూచుంటారో వాళ్ళని అరగంట కూచోబెట్టు. అమ్మేవాడి మాట కాదు, వాళ్ళ మోకాళ్ళ మాట విను.

మీ బాబాయి

తా.క. ఇది రాస్తున్నది కింది వాటా టైలర్ని. నమస్కారం. ఆయన "పెళ్ళిచూపుల్లో పిల్ల" అన్నప్పుడు నేను కలం ఆపేసి చూశాను. ఇంకో పోలిక చెప్పమన్నాను. అదే రాయమన్నాడు.

*

బాబాయికి నీ బొత్తాం నమస్కారాలు.

నువ్వు చెప్పినవన్నీ చేశాం. రెండు బండ్ల దగ్గర తేలింది. తెల్లదాని తలుపు పక్కకి జరుగుతుంది, మెట్టు కిందికి ఉంది, అమ్మ మోకాలికి హాయి. ఎర్రది బాగా ఎత్తు. అత్తగారిని ఎలాగో ఎక్కించాం గానీ దిగనన్నారు. పైనుంచి చూస్తే ఊరు బాగుందట.

ఇక చిక్కంతా మూడో వరసతోనే. మొదటి రెండు వరసలకీ ఏ లోటూ లేదు. మూడో వరస దగ్గరికొచ్చేసరికి ఎవరికీ పట్టదు. గాలి ఆడకపోయినా, మోకాళ్ళు గడ్డానికి తగిలినా సర్దుకోవాల్సిందే. "మూడో వరసతో మనకి ఏడాదికి నాలుగుసార్లు కూడా పనిబడదు. మామూలు రోజుల్లో మడిచి పడేద్దాం, అవసరమైతే లేపుకుందాం" అంటాడు మా ఆయన. ఆ చోట్లో సామాను పెట్టుకోవచ్చని అత్తగారు. నీకు తెలిసినంత మాకు తెలియదు. మూడో వరసని ఏం చెయ్యమంటావో మొహమాటపడకుండా చెప్పు.

నీ బొత్తాం

తా.క. మూడో వరసని ఒంటిచేత్తో మడిచేయొచ్చట. కిక్కురుమనదట. పాప చప్పట్లు కొట్టింది.

*

గౌరవనీయులైన ప్రూఫురీడరుగారికి మాజీ వ్యాన్ డ్రైవరు వ్రాయించునది.

మీ ఉత్తరం అందింది. మూడో వరస విషయమై తమ ఇంటిల్లిపాది అభిప్రాయం తెలిసింది. అడిగారు కాబట్టి చెబుతున్నాను. పనిబడితే లేపి, పని తీరితే మడిచేసే వరస ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. గాలాడకుండా సర్దుకోవడం కన్నా అసలు లేకపోవడం మర్యాద. నిరభ్యంతరంగా తీసేయండి. ఆ చోట్లో మీ అత్తగారిని సామాను పెట్టుకోమనండి.

ఇట్లు,
తమ విధేయుడు

తా.క. టైలర్ని రాస్తున్నాను. ఆయన ఇంకో రెండు మాటలు చెప్పాడు గానీ అవి ఇంటికి పంపే ఉత్తరంలో రాసేవి కావు. మా కుట్టుపనిలోనూ పని కాగానే పీకేసే కుట్టొకటి ఉంటుంది. ఆ సంగతి ఇవాళ ఆయనకి చెప్పకుండా ఉండాల్సింది.

*

బాబాయికి నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి అందరం పడీపడీ నవ్వాం. గౌరవనీయులైన ప్రూఫురీడరుగారా! చిన్నప్పుడు "యజమానిగారూ, దారెటు?" అని నన్ను ఏడిపించేవాడివి, ఆ అల్లరి ఇంకా పోలేదు నీకు.

నీ సలహా శిరోధార్యం. మూడో వరస వద్దే వద్దని తీర్మానించాం. అది లేకపోతే బండి తేలిగ్గా సాగుతుందనీ, ఇరుకు సందుల్లో ఇబ్బంది ఉండదనీ మా ఆయన అంటున్నాడు. అందరికీ గుండెల మీంచి బరువు దిగినట్టుంది. అమ్మ ఒక్కతే ఒప్పుకోవడం లేదు. అలిగి రెండు రోజులుగా నాతో మాట్లాడ్డం లేదు. పెద్దవాళ్ళకి పాతవాటి మీద మమకారం ఉంటుంది, నాలుగు రోజులైతే మర్చిపోతుందిలే.

నీ బొత్తాం

తా.క. ఇన్నాళ్ళూ ఈ మూడో వరసని ఎందుకు నెత్తిన పెట్టుకున్నామా అనిపిస్తోంది. మంచిమాట చెప్పావు.

*

బొత్తాం,

ఈసారి ఆశీస్సులు లేవు. నిన్ను మళ్ళీ "మీరు" అనడం మాత్రం నా వల్ల కాలేదు, నోరు తిరగదు.

వరసలు నాకు నేర్పకు. రక్తం పంచుకు పుట్టినవాళ్ళు మొదటి వరస. పెళ్ళితో వచ్చినవాళ్ళు రెండో వరస. నోటిమాటతో కలుపుకున్నవాళ్ళు మూడో వరస. ఆ మూడో వరసలో మీ ఇంటికి నేనొక్కణ్ణే. అది తెలియనంత వెర్రివాణ్ణా?

మీ నాన్న నన్ను జీతానికి పెట్టుకున్నాడు. మూడో నెలలో ఒకరోజు వానకి వ్యాన్ వెనక తలుపు తెరుచుకుని హోటలు దుప్పట్లన్నీ నడిరోడ్డు మీద పరుచుకున్నాయి. ఉద్యోగం ఊడిందనుకున్నాను. హోటలు మేనేజరు దుకాణానికొచ్చి "ఎవడండీ ఆ డ్రైవరు?" అని అరిచాడు. మీ నాన్న కౌంటరు వెనకనుంచి లేచి "డ్రైవరు కాదండీ, మా తమ్ముడు. తిట్టాలంటే నన్ను తిట్టండి" అన్నాడు. కౌంటరు కింద బొత్తాలు ఏరుకుంటున్న నువ్వు తలెత్తి "బాబాయ్, వాన తగ్గిందా?" అన్నావు. అప్పటిదాకా నన్ను ఎవరూ ఏ వరసా పెట్టి పిలవలేదు. ఆ పిలుపు మీద ఇన్నేళ్ళు బతికాను. ఆ వ్యాన్‌లో వరసలెక్కడివే? మూటల మీద ఎవరు ఎక్కడ పడితే అదే చోటు.

మడిచి మూల పెట్టడానికి నేనేం దుప్పటిని కాను. కిక్కురుమనకుండా మడతపడేవాణ్ణి అసలే కాను.

ఒక్కటడుగుతాను. నాకే మీ ఇంట చోటు లేనప్పుడు, రేపు నా మనిషని ఎవరినైనా వెంటబెట్టుకొస్తే, ఆ మనిషిని ఏ గుమ్మం ముందు నిలబెడతారు?

ఇక ఉత్తరాలు రాయకు.

నీ ఎవరో

తా.క. నేను, టైలర్ని. "రాయకు" అన్నాడు గానీ పోస్టుమాన్ వచ్చే వేళకి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూచుంటున్నాడు. ఆ చివరి ప్రశ్న ఎందుకడిగాడో నాకు తెలియదు. రాయమన్నాడు, రాశాను.

*

బాబాయ్,

నీ ఉత్తరం చదివి ముందు ఏడ్చాను. తర్వాత మా ఆయన దాన్ని తీసుకుని పైకి చదివాడు, అప్పుడు అర్థమై నవ్వాను. తర్వాత మళ్ళీ ఏడ్చాను.

మూడో వరస అంటే సీట్లు బాబాయ్! బండిలో సీట్లు! డ్రైవరుది మొదటి వరస, మధ్యది రెండో వరస, చివర ఉన్నది మూడో వరస. షోరూములో అలాగే అంటారు. నువ్వేమో "వెనక సీటు" అంటావు. నేనేమో షోరూము భాష నేర్చుకుని నీకు రాశాను. ఊరందరి తప్పులూ దిద్దేదాన్ని, నా ఉత్తరంలో "సీట్లు" అన్న ఒక్క మాట వేసుకోలేకపోయాను. చెంపలేసుకుంటున్నాను. మడిచేది సీటునే. నిన్ను మడిచే మొనగాడు ఈ ఇంట్లో ఎవరున్నారు?

అమ్మ ఎందుకు అలిగిందో కూడా ఇప్పుడే తెలిసింది. "మూడో వరస తీసేస్తే మీ బాబాయి ఎక్కడ కూచుంటాడే?" అంది. ఆ మాట ముందే చెప్పచ్చు కదమ్మా అంటే "అదీ ఒకరు చెప్పాలా?" అంది. సిగ్గుతో చచ్చిపోయాను. నువ్వు మా ఇంటికి ఏ వరసా కావు బాబాయ్. మా ఇంట్లోవాడివి. నాన్న పోయాక చుట్టాలందరూ ఓదార్చి వెళ్ళిపోయారు. మర్నాడు పొద్దున్నే లేచి, దుకాణం తెరిచి, ఆ వారం దుప్పట్లు పంచి వచ్చినవాడివి నువ్వు. అది ఏ వరసలో రాయను?

తెల్ల బండి తీసుకున్నాం. ఏడు సీట్లది. మేం ఐదుగురం, నువ్వు ఆరు. అదే బండి ఆరు సీట్లతో కూడా వస్తుంది, కాస్త విశాలంగా ఉంటుంది, అది తీసుకుందామా అంటే అమ్మ ససేమిరా అంది. "ఏడోది ఎవరికమ్మా?" అంటే "మీరంతా ఉత్తరాలు చదువుతారు. నేను తా.క.లు చదువుతాను. ఏడోది ఎవరికో వాణ్ణే అడుగు" అని నవ్వుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. నాకేం తెలియలేదు. నీకేమైనా తెలిసిందా?

వచ్చే ఆదివారం అందరం వస్తున్నాం. సిద్ధంగా ఉండు.

నీ, నీ, నీ బొత్తాం

తా.క. మా ఆయన వెనక సీట్లో గంటసేపు కూచుని వచ్చాడు. "బాబాయిగారి మోకాలు ఎంత పొడుగు?" అనడిగాడు. ఆదివారం టేపు తీసుకొస్తున్నాడు, పారిపోకు.

*

చిరంజీవి బొత్తానికి బాబాయి అనేక ఆశీస్సులు. పోయినసారివి కూడా కలిపి.

నీ ఉత్తరం అందింది. సీట్లని వరస అనేవాళ్ళని ఏమనాలో తెలియడం లేదు. తప్పు నాదే, నీది కాదు. అనుమానం ముందు పుట్టి తర్వాత నేను పుట్టాను.

మీ అమ్మ చాలా గడుసుది. ఆ రోజుల్లోనే మూట ఎత్తి చూడకుండా అందులో ఎన్ని దుప్పట్లున్నాయో చెప్పేసేది. ఇంక దాచి లాభం లేదు, చెబుతాను.

ఈ టైలరమ్మ రెండు నెలలుగా నాకు చదివి పెడుతోంది. కళ్ళు మూసుకుని ఆవిడ గొంతు విన్నాను. కట్టు విప్పాక మనిషిని తేరిపార చూశాను. ఆ గొంతుకి తగ్గ మనిషే. ఆవిడకీ నా అనే వాళ్ళు లేరు. ఒకమాట అడగాలని ఎన్నిసార్లో అనుకున్నాను. కానీ నాకో కుటుంబం ఉందని చెప్పుకోడానికి ఉన్నది మీరే. మీరు నన్ను మడిచేశారనుకున్నాక ఏ మొహం పెట్టుకుని అడగను? మొన్న నీ ఉత్తరం చదువుతూ "మా ఇంట్లోవాడివి" అన్నచోట ఆవిడ ఉత్తరం ఒళ్ళో పెట్టుకుని కళ్ళద్దాలు తుడుచుకుంది. ఆ సందులో అడిగేశాను.

"మిగతా ఉత్తరం చదివి చెబుతాను" అంది. చదివింది. ఏడో సీటు దగ్గర మళ్ళీ ఆగింది. ఇక నన్ను రెండోసారి అడగనివ్వలేదు.

సోమవారం రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు. నావైపు సాక్షులు కావాలట. ఆదివారం వచ్చినవాళ్ళు సోమవారం దాకా ఉండండి. వెనక సీటు మా ఇద్దరికీ వదిలెయ్యండి. గాలాడకపోయినా పర్వాలేదు.

మీ బాబాయి

తా.క. అమ్మా, ఇన్నాళ్ళూ ఆయన మాటలకి నేను చేతిని మాత్రమే. ఈ నాలుగు ముక్కలు నావి. మీ అందరికీ కొలతలు ఊహించి తలా ఒక జత కుడుతున్నాను, మీవారి టేపుకి పని ఉంటుంది. నాకు వరసపెట్టి పిలిపించుకోవడం అలవాటు లేదు. ఇన్నేళ్ళూ అందరికీ "టైలరమ్మా" అంటేనే పలికాను. అందుకే ఈ ఉత్తరం కింద సంతకం దగ్గర ఏం రాయాలో తెలియక ఖాళీ వదిలేశాను. ఆదివారం వచ్చినప్పుడు మీ చేత్తో రాయండి. ఏం రాసినా పలుకుతాను.

ఇట్లు,
మీ .................